కొంటావా, కొలుస్తావా?



నలభై ఏళ్ల కిందట, చదువైన కొత్తలో, విశాఖపట్నం చేపల రేవులో చేపల్ని కొలవడం నా ఉద్యోగం. నవ్వకండి, నిజంగా కొలవడమే. తెల్లవారుజామున రేవుకి చేరాలి. చంకలో ఒక చెక్క పలక. దానికి ఒక కొసన అడ్డుచెక్క, పొడుగునా సెంటీమీటర్ల గీతలు. చేప మూతిని అడ్డుచెక్కకి ఆనించి, ఒంపు లేకుండా పరిచి, తోకని వేళ్లతో సవరించి, కొస ఏ గీత మీద పడిందో చూసి పుస్తకంలో ఒక గీటు పెట్టుకోవాలి. రాత పెన్సిల్‌తోనే. తడి చేతుల కింద సిరా ఒక్క నిమిషం నిలవదు. అలా కానాగంతలు రెండు వందలు, గులివిందలు నూట యాభై, ఆ రోజు ఏది పడితే అది. ఎండెక్కేసరికి చేతుల నిండా పొలుసు, బట్టల నిండా నీచు. సిటీ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఒకరోజు ఒకావిడ గంప ముందు కూర్చుని ఒక్కొక్క కానాగంతనీ తీసి కొలుస్తున్నాను. వేలంపాట అయిపోయింది, గంప నెత్తికెత్తుకుని ఊళ్లోకి పోవాలని ఆవిడకి తొందర. కాసేపు ఓర్చుకుంది. ఆఖరికి, "ఏటి బాబూ, కొంతావా, కొలుత్తావా?" అంది. చుట్టుపక్కల గంపల వాళ్లంతా ఒకటే నవ్వు. సిగ్గేసి, కొలిచినవాటిలోంచే అరడజను కొనుక్కున్నాను. ధర కూడా బేరం చెయ్యలేదు.

కొలిస్తే ఏమొస్తుంది? అప్పట్లో నాకూ సగమే తెలుసు. నేను పెట్టే ఆ గీట్లన్నీ ఏ లెక్కలోకి వెళుతున్నాయో, ఆ లెక్క కట్టింది ఎవరో తరవాత తెలిసింది. ఆ మనిషి గురించే ఈ ప్రసంగం. పేరు డేనియల్ పాలీ. సముద్రపు చేపల శాస్త్రవేత్త.

ఆయన 1946 మే 2న పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచి కార్మికురాలు. తండ్రి యుద్ధానికి వచ్చిన అమెరికా సైనికుడు, నల్లజాతి మనిషి. తండ్రి వెళ్లిపోయాడు, తల్లికి గడవని రోజులు. పిల్లవాడికి రెండేళ్లప్పుడు, కొన్ని నెలలు మేం చూసుకుంటామని ఒక స్విస్ కుటుంబం తీసుకెళ్లింది. మళ్లీ పంపలేదు. లా షో ద ఫోన్ అనే ఊరు, కొండల్లో ఉంటుంది, గడియారాల తయారీకి పేరు. సముద్రం కనుచూపు మేరలో లేదు. తెల్లవాళ్ల ఊళ్లో నల్ల పిల్లవాడు, పేరుకి ఇంటి కుర్రాడు, పనికి ఇంటి నౌకరు. పదహారు, పదిహేడేళ్ల వయసులో అక్కణ్ణించి బయటపడి జర్మనీ చేరాడు. మానసిక వైకల్యం ఉన్నవారిని చూసుకునే ఒక చర్చి సంస్థలో పనిచేస్తూ, నాలుగేళ్లు రాత్రిబడిలో చదివి పరీక్ష గట్టెక్కాడు. 1969లో అమెరికా వెళ్లి తండ్రి తరఫు వాళ్లని వెతుక్కుని కలిశాడు. అది నల్లవారి హక్కుల పోరాటం రగులుతున్న కాలం.

ఇంత విన్నాక, మరి ఈయనకి సముద్రం మీద ప్రేమ ఎలా పుట్టిందని అడుగుతారు. పుట్టలేదు. కెరటాలు, గవ్వలు, చిన్నప్పటి వేసవి సెలవులు, ఇలాంటివేవీ ఆ కథలో లేవు. ఉష్ణదేశాల్లో, తన ఒంటి రంగు ఎవరికీ వింతగా తోచని చోట, జనానికి పనికొచ్చే ఉద్యోగం ఏదైనా చెయ్యాలన్నది ఆయన కోరిక. మత్స్యశాస్త్రం చదివితే అది కుదురుతుందనుకున్నారు. ప్రేమ కోసం కాక పని కోసం ఒక విద్యని ఎంచుకున్నానని దాపరికం లేకుండా చెప్పేవాళ్లని నేను నమ్ముతాను. నేనూ అలా చేరినవాణ్ణే కాబట్టి కావచ్చు.

కీల్ విశ్వవిద్యాలయంలో చదువు. 1971లో ఆఫ్రికాలోని ఘనా వెళ్లి సకుమో అనే ఉప్పుకయ్యలో తిలాపియాల మీద పని. 1975లో ఇండోనేషియా. అక్కడ జర్మన్ సహాయ పథకం కింద ట్రాల్ వలలు లాగి సముద్రంలో ఏముందో అంచనా కట్టాలి. చిక్కు అక్కడే వచ్చింది. ఆయన చదివొచ్చిన శాస్త్రం ఉత్తర సముద్రానిది. అక్కడ వల లాగితే ఒకటో రెండో రకాలు, వేలకి వేలు. కాడ్ చేపకి ఒక శాస్త్రవేత్త, హెర్రింగ్‌కి ఒక శాస్త్రవేత్త, ఒక్కొక్కరికీ ఒక జీవితకాలం. ఇండోనేషియాలో ఒక్క లాగుకి డజన్ల కొద్దీ రకాలు కలగాపులగంగా డెక్ మీద పడ్డాయి. మన రేవులో చూడండి, గొరకలు, సావిడాయలు, గులివిందలు, నెత్తళ్లు, పీతలు, రొయ్యలు అన్నీ ఒకే కుప్ప. ఇన్నిటికి ఇంతమంది శాస్త్రవేత్తల్ని ఏ పేదదేశం పోషిస్తుంది?

ఇంకో చిక్కు చేప వయసు. చలిదేశాల చేపకి చెట్టు మానులాగే ఏడాదికో వలయం ఏర్పడుతుంది, పొలుసు మీదా, తలలో ఉండే చెవిరాయి లోపలా. గొరక తలకాయ తినేవాళ్లకి పంటి కింద తెల్లగా, గట్టిగా ఒకటి తగులుతుంది చూశారూ, అదే చెవిరాయి. చలికాలంలో చేప ఎదుగుదల మందగించి ఒక గీత పడుతుంది, గీతలు లెక్కపెడితే వయసు. మన సముద్రంలో చలికాలమన్నది పేరుకే. గీతలు మసకగా, నమ్మడానికి వీల్లేకుండా ఉంటాయి. వయసు తెలియకపోతే ఏ ఈడుకి ఎంత పెరుగుతుందో తెలియదు. పెరుగుదల తెలియకపోతే ఎన్ని పట్టవచ్చో తెలియదు.

1979లో కీల్‌లో డాక్టరేట్ తీసుకుని పాలీ ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని అంతర్జాతీయ మత్స్య పరిశోధన కేంద్రంలో చేరారు. పదిహేనేళ్లు అక్కడే. వయసు తెలియకపోతే పొడుగు ఉందిగా అన్నది ఆయన పట్టుకున్న కొస. పొడుగు కొలవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు, ఒక చెక్క పలక చాలు. నెలనెలా కొన్ని వందల చేపల్ని కొలిచి, పొడుగు వారీగా కుప్పలు పెట్టండి. ఈ నెల పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఒక మూపురం లేస్తుంది. వచ్చే నెల అదే మూపురం పదమూడు దగ్గరికి జరుగుతుంది, పైనెల పద్నాలుగు దగ్గరికి. ఒకే ఈడు పిల్లలు ఒక్కసారి పెరుగుతున్నారన్నమాట. ఆ మూపురాల మీదుగా గీత లాగితే అదే ఎదుగుదల. ఈ ఆలోచన అంతకుముందూ ఉంది. కాకపోతే గీత ఎవరి కంటికి ఎలా తోస్తే అలా లాగేవారు. దాన్ని కంప్యూటర్ చేత, ఒకే నియమంతో లాగించే పద్ధతి ఆయనా, ఆయన సహోద్యోగీ 1980ల మొదట్లో తయారుచేశారు. పేరు ఎలెఫాన్. వింటే ఏనుగు గుర్తొస్తుంది గానీ, ఏనుగంత యంత్రం అవసరం లేదు, అప్పట్లో వచ్చిన చిన్న కంప్యూటరే చాలు. అదీ లేనివాళ్ల కోసం, చేతిలో పట్టే క్యాలిక్యులేటర్ మీద చేపల లెక్కలు ఎలా కట్టాలో 1984లో ఆయన ఒక పుస్తకమే రాశారు.

అంతకుముందు 1980లో ఇంకో పని చేశారు. పట్టకపోయినా చేపలు చస్తాయి కదా, వేరే చేపల నోట పడో, జబ్బు చేసో, ముసలితనంతోనో. ఆ సహజ మరణాల లెక్క తేల్చడం మా శాస్త్రంలో అన్నిటికన్నా కష్టం. ఆయన ప్రపంచం నలుమూలల నుంచి 175 చేపల నిల్వల వివరాలు పోగేసి, ఎదుగుదల వేగం, నీటి వేడి తెలిస్తే మరణాల రేటు సుమారుగా చెప్పే సూత్రం ఒకటి కట్టారు. ఆ వ్యాసాన్ని ఉటంకించిన వ్యాసాలు వేలల్లో ఉంటాయి. సూత్రం మోటుదేనని ఆయనకీ తెలుసు. ఏమీ లేనిచోట మోటుదైనా మేలే.

విశాఖ రేవులో నా పలక మీది గీట్లు వెళ్లింది ఇలాంటి లెక్కల్లోకే. మన తీరం చేపల మీద ఆ రోజుల్లో వచ్చిన వ్యాసాలు తిరగెయ్యండి, ఎలెఫాన్ పేరు తరచూ తగులుతుంది. గంప ముందు నన్ను నవ్వులపాలు చేసిన ఆ తల్లికి అప్పుడే ఈ సంగతి చెప్పగలిగి ఉంటే బాగుండేది. విని ఊరుకునేదని మాత్రం అనుకోను.

ఇక ఫిష్‌బేస్. ప్రపంచంలోని చేపలన్నిటి వివరాలూ ఒక్కచోట పెట్టాలని రైనర్ ఫ్రోజా అనే సహచరుడితో కలిసి పాలీ మొదలుపెట్టిన జాబితా ఇది. తొలుత సీడీల మీద వచ్చింది, 1996 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది. ఇవాళ ముప్పై అయిదు వేల పైచిలుకు రకాలు. అందులో మన కానాగంత శాస్త్రీయ నామం చూడండి, రాస్ట్రెలిజర్ కనగుర్త. లాటిన్‌లో ఈ కనగుర్త ఏమిటి? అది తెలుగే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండగా ఇక్కడి చేపల్ని పోగుచేసి, జాలర్లు పిలిచే పేర్లతో సహా రాసుకున్నాడు. 1803లో 200 చేపల బొమ్మలతో లండన్‌లో అచ్చేశారు. అందులో రాతి గులివింద ఉంది, బండి గులివింద ఉంది, కనగుర్త ఉంది. ఫ్రాన్సులో కూర్చున్న క్యూవియే అనే జంతుశాస్త్రవేత్త ఆ పుస్తకం చూసి, ఆ పేరునే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. మన రక్తపింజరకి ఇంగ్లీషులో రస్సెల్ పేరుందే, ఆ రస్సెలే ఈయన. తూర్పు ఆఫ్రికా నుంచి ఇండోనేషియా దాకా ఆ చేప ఎక్కడ పడినా, శాస్త్రవేత్త నోట పలికేది విశాఖ జాలరి పెట్టిన పేరే.

రస్సెల్ సంగతి ఊరికే తీసుకురాలేదు. అలాంటి పాత రాతలు ఎందుకు విలువైనవో పాలీ 1995లో ఒక వ్యాసంలో చెప్పారు. వ్యాసం అంటే ఒక్క పేజీ. ఆయన రాసినవాటిలో అంత చిన్నదీ, అంత దూరం వెళ్లిందీ ఇంకోటి ఉండదేమో. ప్రతి తరం శాస్త్రవేత్తా తను ఉద్యోగంలో చేరిన రోజున సముద్రం ఎలా ఉందో అదే అసలు స్థితి అనుకుంటాడు. అక్కణ్ణించి ఎంత తగ్గిందో లెక్కేస్తాడు. అతను రిటైరయ్యేనాటికి ఇంకా తగ్గుతుంది. కొత్తగా చేరినవాడికి ఆ తగ్గిందే అసలు. కొలబద్దలో సున్నా గీతే కిందకి జారిపోతుంటే, మనం మాత్రం పై అంకెలు జాగ్రత్తగా చదువుకుంటూ ఉంటాం.

ఆ వ్యాసంలో ఒక తాత కథ ఉంది. పాలీతో పనిచేసే డెన్మార్క్ శాస్త్రవేత్త తాతగారు 1920లలో కానాగంతల జాతి చేపల కోసం వలలు వేస్తే, పెద్ద పెద్ద ట్యూనాలు పడి వలలు పాడుచేసేవట. కొనేవాడు లేడు, అందుకని వాటిని తిట్టుకునేవాడట. ఇప్పుడు ఆ ట్యూనా ఒక్కటి లక్షలు పలుకుతుంది. అధికారుల లెక్కల్లో తాతగారి తిట్లు లేవు కాబట్టి, అక్కడ ట్యూనా ఉండేదన్న సంగతే మరుగున పడింది. 2005లో కాలిఫోర్నియా సింధుశాఖలో మూడు తరాల జాలర్లు 108 మందిని అడిగి చూశారు, ఒకప్పుడు బాగా దొరికి ఇప్పుడు దొరకనివి ఏవని. ముసలివాళ్లు చెప్పిన రకాలు, కుర్రవాళ్లు చెప్పినవాటికి అయిదింతలు. కుర్రవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది అంతే.

1994లో ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి మారారు. ఆయన పేరు పత్రికలకి ఎక్కిందీ, తగాదాలు మొదలైందీ అక్కణ్ణించే. 1998లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం పెద్ద దుమారం. సముద్రంలో ఎవరు ఎవరిని తింటారన్న వరసలో మెట్లుంటాయి. నాచుది ఒకటో మెట్టు, దాన్ని మేసేవాటిది రెండు, అలా పైకి పోతే వంజరం, సొర. మనం పట్టే చేపల సగటు మెట్టు 1950లలో 3.3 దాకా ఉండేది, 1994కి 3.1 కన్నా తగ్గిందని ఆ వ్యాసం. అంటే పైమెట్టు చేపల్ని ఖాళీ చేసి కిందమెట్టుకి దిగుతున్నాం. ఇలాగే దిగితే మన పిల్లలకి జెల్లీచేపల కూరే గతి అని కూడా ఆయన వేళాకోళం చేసేవారు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. వలలో పడేదాని సగటు వేరు, సముద్రంలో ఉన్నదాని సగటు వేరు అని 2010లో కొందరు నేచర్ పత్రికలో గట్టిగా వాదించారు. వాళ్ల మాటలోనూ పస ఉంది. మన తీరాన్నే తీసుకోండి. 1970ల తరవాత ఇక్కడి ట్రాలర్లు రొయ్య వెంట పడింది వంజరం అయిపోయి కాదు, రొయ్యకి డాలర్లు వచ్చాయి కాబట్టి. రొయ్య కిందమెట్టుది కాబట్టి సగటు పడుతుంది. ఆ పడటంలో సముద్రం గోడు ఎంత, సంత బేరం ఎంత అన్నది విడదీయాలి. పాలీ వాక్యాల్లో కారం కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. ఆ కారం లేకపోతే పత్రికలవాళ్లు ఈ వ్యాసాన్ని ముట్టుకునేవాళ్లు కారన్నదీ నిజమే.

ఆయన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది సున్నాల మీద చేసిన యుద్ధం. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఏడాది నాకు జ్వరం తగిలి నెలరోజులు రేవుకి పోలేదు. ఆ నెల గడిలో నిజాయితీగా ఒక అడ్డగీత పెట్టి పంపాను, కొలవలేదని అర్థం. పై ఆఫీసులో టైపు కొట్టేటప్పుడు ఆ గీత సున్నా అయింది. ఏడాది చివర నివేదికలో ఆ నెల మా రేవులో ఆ రకం చేప ఒక్కటీ పడలేదు. నేనూ దిద్దించలేదు.

ప్రపంచం మొత్తం మీద జరుగుతున్నది ఇదేనని పాలీ పట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950 నుంచి దేశాలు పంపే చేపల లెక్కలు కూడుతూ వస్తోంది. పెద్ద బోట్ల లెక్క ఉంటుంది. ఒడ్డున అలివి వల లాగి పట్టినవి, ఆడవాళ్లు రాళ్ల మధ్య, బురదలో ఏరినవి, కూరకని ఇంటికి పట్టుకుపోయినవి, పనికిరావని మళ్లీ నీళ్లలోకి విసిరేసినవి, దొంగచాటుగా పట్టినవి, వీటికి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి సున్నా. తెలియదన్నదానికి ఎంత తప్పు అంచనా వేసినా సున్నా అంత తప్పు కాదంటారు ఆయన. ఎందుకంటే అక్కడ చేప పడుతోందని అందరికీ తెలుసు. 1999లో మొదలైన సీ అరౌండ్ అస్ అనే పరిశోధన కింద ఆయనా, సహచరుడు డర్క్ జెల్లరూ, నాలుగు వందలమంది దాకా సహాయకులూ కలిసి పదేళ్లకు పైగా దేశం తరవాత దేశం తిరగేసి ఈ సున్నాల చోట అంకెలు నింపారు. పాత నివేదికలు, ఇళ్లలో తిండి లెక్కలు, హోటళ్ల కొనుగోళ్లు, దేన్నీ వదల్లేదు. 2016లో ఫలితం ప్రకటించారు. 1996లో ప్రపంచం పట్టిన చేప 8.6 కోట్ల టన్నులని అధికార లెక్క, వీళ్ల లెక్కలో 13 కోట్లు. అప్పట్నించి ఏటా సుమారు 12 లక్షల టన్నుల చొప్పున తగ్గుతోందని, అధికార లెక్క చూపినదానికన్నా ఇది చాలా వేగమని తేల్చారు.

దీనికి ముందే, 2001లో, ఇంకో తమాషా జరిగింది. ప్రపంచం తక్కువ చెబుతుంటే చైనా ఎక్కువ చెబుతోందని ఆయనా, మరో సహచరుడు రెగ్ వాట్సనూ బయటపెట్టారు. ఆ నీళ్లలో పడగలిగినదానికి దాదాపు రెట్టింపు లెక్క రాస్తున్నారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఉత్పత్తి పెరిగిందని రాసిన అధికారికే ప్రమోషన్. ఒక్క దేశం అంకెల మూలంగా ప్రపంచం మొత్తం చేప పెరుగుతున్నట్టు కనపడుతూ వచ్చింది.

వయసు మీద పడ్డాక ఆయన మొప్పల గురించి ఎక్కువ మాట్లాడుతున్నారు. చేప ఒళ్లు ఘనపరిమాణంలో పెరుగుతుంది, మొప్ప వైశాల్యంలోనే పెరుగుతుంది. గది పెద్దదవుతున్నంత వేగంగా కిటికీ పెద్దదవ్వదన్నమాట. అందుకే పెద్ద చేపకి ఊపిరి కరువు. నీళ్లు వేడెక్కితే కరువు ఇంకా ఎక్కువై, చేపలు చిన్నవైపోతాయంటారు. తన పనుల్లో గొప్పది ఇదేనని ఆయన నమ్మకం. మొప్ప కావాలంటే పెరగగలదు, ఈ లెక్క నిలబడదని శరీరశాస్త్రం వాళ్లు గట్టిగా వాదిస్తున్నారు. ఆ తగువు తేలలేదు. 2023లో ఆయనకీ, ఆర్థికవేత్త రషీద్ సుమైలాకీ కలిపి పర్యావరణ కృషికిచ్చే టైలర్ బహుమతి ఇచ్చారు.

నేను రిటైరయ్యాక ఒకసారి భీమిలి దాటి ఒక పల్లెకి వెళ్లాను. ఏప్రిల్ నెలాఖరు. పదిహేనో తారీకు నుంచి అరవై ఒక్క రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ ఆగిపోయాయి. ఒక ముసలాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. లోపల గోడకి, దేవుడి పటాల పక్కన, నల్లబడిన రంపం ఒకటి వేలాడుతోంది. రంపపు సొర ముక్కు. ముప్పై ఏళ్ల మనవడు బోటు మీద పనిచేస్తాడు. అదేమిటని అడిగితే, తాత ఎప్పుడో ఎక్కడో కొనుక్కొచ్చాడండి అన్నాడు. తాతకి కోపం వచ్చింది. "కొనడమేటి? నాను పట్టిందే. వలలన్నీ కోసీసీవి యెదవలు. తిట్టుకునీవోళ్లం."

"ఆఖరిది ఎప్పుడు పడింది తాతా?" అన్నాను.

వల పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "ఏటో బాబూ. అదే ఆకర్దని అప్పుడెవులికి తెలుసు?"

నా దగ్గర పలక లేదు. రంపం దింపించి జానలతో కొలిచాను, నాలుగు దాటింది. పళ్లు ఒక వైపు పదిహేడు, రెండో వైపు రెండు ఊడిపోయి ఉన్నాయి. రాసుకుందామని పెన్సిల్ అడిగితే, మనవడు జేబులోంచి ఫోను తీసి ఫోటో కొట్టాడు.